తెర వెనక కొలతలు

ఫిబ్రవరి 4, మంగళవారం

కోడలు ముందుగదికి అడ్డంగా తెర కట్టింది. అటు ఆమె, ఇటు నేనూ నా మిషనూ. ఆపరేషన్ వార్డులో పదకొండేళ్ళు నర్సుగా చేసి ఇప్పుడు ఈ కొట్టు కోసం సెలవు పెట్టింది. నెలాఖరుకి ఆర్డర్లు రాకపోతే కొట్టు మూసి మళ్ళీ డ్యూటీలో చేరాలి.

ఏం కుట్టాలో చెప్పింది. తల దించుకున్నాను. ఇక్కడ రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

ఫిబ్రవరి 5

రాస్తాను. కేన్సరొచ్చి రొమ్ము తీసేసిన ఆడవాళ్ళు లోపల పెట్టుకునే గుడ్డ రొమ్ము. ఏమీ దొరక్క చేతిరుమాళ్ళు కుక్కుకుని ఇళ్ళకి వెళ్తున్నారట. అందరూ అయ్యో అని ఊరుకున్నారు. మా కోడలు ఊరుకోలేదు.

నేను కోట్లూ ప్యాంట్లూ తప్ప కుట్టి ఎరగను. ఆడమనిషి ఎదురొస్తే గోడవైపు తిరిగే నాన్నకి మంచి ఉద్యోగమే దొరికిందని మావాడు నవ్వాడు. అబద్ధమేం కాదు.

ఫిబ్రవరి 9

నాలుగు శాంపిల్స్ పాడు చేశాను. కోడలు విసుక్కోదు. ప్రతి కుట్టూ చెంపకి రుద్దుకుని చూస్తుంది. ఏ కాస్త గరుకున్నా విప్పించేస్తుంది. ఆపరేషన్ అయినచోట చర్మం పసిపిల్లల చర్మంలా ఉంటుందట.

ఐదోది కుదిరింది. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. అంత తేలిక. కోడలు మురిసిపోయి, మీరేమంటారని అడిగింది. నాకు ఎక్కడో తేడాగా అనిపించింది. కోటు అంచు సరిగ్గా వాలాలంటే లోపల చిన్న సీసం బిళ్ళ పెట్టి కుడతాం. తేలికది కుదురుగా నిలవదు. కానీ అది కోటు. ఆడవాళ్ళ సంగతి నాకేం తెలుసు. బాగుందన్నాను.

ఫిబ్రవరి 14

మొదటి మనిషి వచ్చింది. హైస్కూల్లో సైన్సు టీచరట. ముఖం చూడలేదు. తెర కింద నుంచి చెప్పులు కనిపించాయి. కోడలు కొలతలు చీటీ మీద రాసి ఇటు అందించింది. ఈమెకి నచ్చితే తన పేషెంట్లందరికీ చెబుతానని ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ మాటిచ్చిందట. అంటే అంతా ఈ ఒక్కదాని మీదే ఉంది.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

టీచరు తిరిగొచ్చింది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ఆ వస్తువు మెడ దాకా పాకిందట. వెనక బెంచీలో గుసగుసలు. బెల్లు కొట్టేదాకా బోర్డువైపే తిరిగి నించుందట. ఆమె కోపంగా చెప్పినా బాగుండేది. మామూలుగా చెప్పింది.

కోడలు తనదే పొరపాటంది. ఆ పిల్ల గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు. పెడల్ మీద నా కాలు ఆగిపోయింది.

"అమ్మా, తప్పు అమ్మాయిది కాదు" అన్నాను, తెర ఇవతల నుంచే. "బరువు చాల్లేదు. నాకు ముందే తోచింది. నోరు విప్పలేదు."

కోడలు తెర పక్కకి లాగింది.

"తోచింది మింగేసి కూర్చుంటే నేనెవరితో వ్యాపారం చెయ్యను మావయ్యా?"

టీచరు మాత్రం, టైలరుగారూ, ఎంత బరువు కావాలంటారు అని అడిగింది. తెలియదన్నాను. ఈసారి నిజం.

ఫిబ్రవరి 21

ఉపాయం కోడలిదే. గిన్నెలో అంచుదాకా నీళ్ళు పోసి పళ్ళెంలో పెట్టింది. ఆపరేషన్ కాని వైపుది అందులో ముంచితే పొర్లిన నీళ్ళ బరువే మనకి కావలసిన బరువు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. టీచరు నవ్వు వీధిలోకి వినిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతోందట. ముంచే వస్తువు తనే అవుతుందని అనుకోలేదట.

చీటీ వచ్చింది. నాలుగు వందల పది గ్రాములు.

ఫిబ్రవరి 22

గాజుపూసలు తెచ్చింది కోడలు. చిన్న సంచిలో పోసి అడుగున వెనకవైపు కుట్టాను. వాలు చూసి, రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను. అడక్కముందే చెప్పాను, పూసలు ఇంకా సన్నవైతే మేలని. వెంటనే వెళ్ళి మార్చుకొచ్చింది.

ఫిబ్రవరి 26

కొత్తది తీసుకెళ్ళిన టీచరు దగ్గర్నుంచి కబురు లేదు.

ఫిబ్రవరి 28

వచ్చింది. నిన్న టీచరు బోర్డు పై అంచు నుంచి కింది దాకా తనే తుడిచిందట. క్లాసులో ఎవరూ తల కూడా తిప్పలేదట. సాయంత్రానికి డాక్టరమ్మ ఏడుగురి పేర్లు పంపింది.

కోడలు గిన్నె తుడిచి, పళ్ళెం తుడిచి, ఆ తర్వాత కూర్చుని ఆసుపత్రికి రాజీనామా రాసింది. ఒక్క కొట్టివేత లేదు. పదకొండేళ్ళ ఉద్యోగం. నేనైతే కాగితం ముందు పెట్టుకుని తెల్లారేదాకా కూర్చునేవాణ్ణి. ఇంత ధైర్యం ఈ పిల్లకి ఎక్కడిదో. అడుగుదామనుకున్నాను. టీ చేసి ఇచ్చాను.

మే 11, ఆదివారం

ఇప్పటిదాకా కుట్టి ఇచ్చినవి అరవై రెండు అయ్యాయి. దారం కోసం బజారుకి వెళ్ళి, బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. తల ఎత్తే కూర్చున్నాను. ఎంతమంది ఆడవాళ్ళో. బస్సులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, సంచులు అందుకుంటున్నారు. అందులో మా కొట్టుకొచ్చినవాళ్ళు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు.

ఎవరో చెప్పలేకపోయాను.