కోలాటంలో తప్పిన దెబ్బ

పెద్దమ్మా,

నీకు చదువు రాదు, పైగా నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అయినా మన కోలాటం సంగతి నీకు కాక ఎవరికి రాయను?

నువ్వు పోయాక జట్టును నా చేతిలో పెట్టారు. బడిలో పంతులమ్మ నాకు చదువు నేర్పినట్టే నేనూ ఆట నేర్పాను. ఎవరు అడుగు తప్పినా అందరినీ ఆపి, మళ్ళీ మొదటి నుంచి వేయించాను. కొత్తగా చేరిన నలుగురిలో ముగ్గురు మానేశారు. మరిపెడ నుంచి మన వాడకు కోడలుగా వచ్చిన లచ్చమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె కూడా పోతే జతలు కుదరవు, ఈ దసరాకు మన వాడలో కోలాటం లేనట్టే.

మొన్న సాయంత్రం లచ్చమ్మ కోల గురి తప్పి, జతగా ఆడుతున్న నర్సమ్మత్త వేళ్ళకు తగిలింది.

"ఓ పిల్లా, వడ్లు దంచుతానవా?" అంది అత్త. అందరూ నవ్వారు. లచ్చమ్మ కోలలు కింద పెట్టి, "నాతోని కాదక్కా, నేను పోత" అంది.

నేను చేరిన కొత్తలో, నేను తప్పిన ప్రతిసారీ వెంటనే నువ్వూ తప్పేదానివి. ముసలితనం అనుకున్నాను. అన్నేళ్ళు ఆడిన చేయి అలా తప్పదని మొన్న లచ్చమ్మ కోలలు కింద పెట్టాకే అర్థమైంది.

లచ్చమ్మను బతిమాలి నా జతగా నిలబెట్టుకున్నాను. రెండో చుట్టులో కావాలనే కోలతో నా మోకాలికే కొట్టుకున్నాను.

"సదువుకున్న పిల్లకు గూడ రాకపాయె!" అని అత్త అరిచింది. లచ్చమ్మ పగలబడి నవ్వింది. "ఫికర్ జెయ్యకక్కా, నన్ను జూసి ఎయ్యి" అంది.

ఇవాళ ఆమె అందరికంటే ముందే వచ్చింది, తోటికోడలిని వెంటబెట్టుకుని. ఆ తోటికోడలు మొదటి చుట్టులోనే తప్పింది. వెంటనే లచ్చమ్మ కూడా తప్పింది. కావాలనో నిజంగానో నేను అడగలేదు.

నీ చెల్లెలి బిడ్డ,
సరోజన