మూతి తగలని చెంబు

అక్కా, ఇది నీకు అందదు. అయినా చెప్పకుండా ఉండలేను. నువ్వు నర్సుగా సేవ చెయ్యడానికి వెళ్లి, అక్కడే మట్టిలో కలిసిపోయిన ఆఫ్రికాలోని మలావి దేశపు పల్లె నుంచి ఒక అబ్బాయి మొయినాబాద్ కాలేజీలో చేరాడు. నిన్న ఎంకపల్లిలో మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మనల్ని కన్న అవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. మూతికి తగలకుండా ఎత్తి గటగటా తాగాడు. చిన్నప్పుడు నాకు మొట్టికాయలు వేసి నేర్పావే, అచ్చం అట్లాగే!

"గిట్ల తాగుడు ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అంది అవ్వ.

బడిపిల్లలందరికీ ఒకటే గ్లాసుండేదట. మూతి పెడితే రోగాలొస్తాయని నువ్వే నేర్పావట. అతని ఇంగ్లిషును అవ్వకు తెలుగులో చెప్పాను.

కూతురి సమాధి ఎట్లా ఉందని అవ్వ అడగనే లేదు. చెంబు మళ్లీ నింపి తెచ్చింది. అతను చాలన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇంకొక్కసారి తాగు బిడ్డా, జర సూస్త."