మస్కట్ ఆసుపత్రిలో నేనన్న ఔను

మస్కట్

ప్రియమైన అక్కకు, నీ తమ్ముడు ప్రసాదు వందనాలు. నువ్వూ, అమ్మా, పిల్లలిద్దరూ ప్రభువు కృపలో చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మకి ఆయాసం తగ్గిందా? నువ్వు లేసు అల్లుతూ కళ్ళు పాడుచేసుకోకు. నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే, ఎడమకాలికి మోకాలి కింద పిండికట్టు ఉంది, అంతే. ఎండ మండిపోతున్నా ఆసుపత్రిలో ఏసీ ఉంది. కుబూస్ రొట్టె తినలేక మజ్జిగన్నం కోసం నాలుక పీకుతోంది. కంగారు పడకు. ఈ ఉత్తరం మాత్రం అమ్మకి చదివి వినిపించకు.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోను బావగారిది. మాట్లాడినంతసేపూ పక్కనే కూర్చుంటారు.

పరంజా మీద నుంచి పడ్డానని మీకు చెప్పారు కదా. ఎలా పడ్డానో చెప్పి ఉండరు. ఆ రోజు సేఫ్టీ బెల్టు ఒకటి తక్కువైంది. మా గ్యాంగుకి ఫోర్‌మాన్ బావగారే. పది నిమిషాల పనికి బెల్టెందుకు, ఎక్కెయ్యమన్నారు. నేను రెండుసార్లు అడిగి, కాదనలేక ఎక్కాను.

ఆపరేషన్‌కి నన్ను నిద్రపుచ్చలేదు అక్కా, కాలొక్కదానికే మత్తిచ్చారు. మోకాలి వెనక చల్లటి జెల్లీ రాసి, చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు పాలకొల్లులో నీకు స్కానింగ్ తీశారే, అలాంటి మిషన్ పెట్టారు. తెర మీద నరం అడ్డంగా తరిగిన దొండకాయ ముక్కలా కనిపించింది. సూది తెల్లగీతలా దాని పక్కకి వెళ్ళడం, మందు నల్లగా చుట్టూ పరుచుకోవడం నా కళ్ళతో చూశాను. మోకాలి లోపలివైపు ఇంకొక సూది వేశారు. కాసేపటికి కాలు బరువెక్కి, గిల్లినా తెలియలేదు.

డాక్టరుగారి మాటలు తెలుగులో చెప్పడానికని బావగారిని లోపలికి రానిచ్చారు. నాకు హిందీ రాదని ఆయన నమ్మకం. ఆర్నెల్లుగా బీహారు వాళ్ళతో ఒకే గదిలో వండుకు తింటున్నవాడికి రాకుండా ఎలా ఉంటుంది? ఆయన ముందు మాట్లాడాలంటే సిగ్గేసి ఊరుకున్నాను, అంతే.

మత్తు పూర్తిగా ఎక్కాలని ఆగినప్పుడు కంపెనీ ఆఫీసరు కాగితం పట్టుకుని వచ్చాడు. బెల్టు ఇచ్చినా నువ్వే వేసుకోలేదటగా, నిజమేనా అని హిందీలో నన్నే అడిగాడు. బావగారు నా చెవి దగ్గరికి వంగారు.

“కాలు మొద్దుబారిందా అని అడుగుతున్నార్రా ప్రసాదూ. ఔనను.”

ఎంత ప్రేమగా అన్నారో. వీసా తెప్పించి, వేలు పట్టుకుని విమానం ఎక్కించిన మనిషి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటుంది చూడు, అలా అయింది నా పని. కాలు విరిగినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నొప్పి పుడుతోందేమోనని డాక్టరుగారు భుజం తట్టారు.

ఔనన్నాను. అర్థమయ్యే అన్నాను. కాదంటే బావగారి ఉద్యోగం పోతుంది, నువ్వూ పిల్లలూ కళ్ళ ముందు మెదిలారు. ఇలా చెప్పరా అని ఒక్క మాట అడిగి ఉంటే తప్పు నేనే నెత్తినేసుకునేవాణ్ణి. అడగలేదు. మోసం చేశారు.

ఆ కాగితం చూపించి, తప్పు నాదేనని నన్ను ఇంటికి పంపించేస్తున్నారు. కట్టు విప్పగానే బయలుదేరతాను. బావగారు రోజూ పని దిగాక వచ్చి బత్తాయిలు ఒలిచి పెడుతున్నారు, తల దువ్వుతున్నారు. అదే భరించలేకపోతున్నాను.

పాస్టరు అయ్యగారికీ, చర్చి పెద్దలకీ నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నాకోసం ప్రార్థన చెయ్యమని అమ్మతో అను.

బావగారిని ఏమీ అడగకు, పిల్లల ముందు అసలే వద్దు. ఆయన సెలవుకి వచ్చినప్పుడు, అన్నాల దగ్గర అందరూ ఉండగా, బెల్టు వేసుకోమంటే మీవాడు విన్లేదని అంటారు. అమ్మ నన్ను తిడుతుంది, తిట్టనీ. అందరూ ఔనంటారు. నువ్వొక్కదానివి ఔననకు అక్కా.

నీ తమ్ముడు
ప్రసాదు