ఏం కష్టం లేదండి

యామిని నాన్నగారికి, వీరలక్ష్మి నమస్కారాలు.

ముందు క్షేమం రాయాలి కదా, రాస్తున్నాను. అత్తయ్యగారు, యామిని, నేను బాగున్నాము. మస్కట్‌లో మీరూ అలాగే ఉన్నారని అనుకుంటాను. ఈ వంకర అక్షరాలు ఎవరివా అని కంగారు పడకండి, నావే. ఇంతకుముందు ఉత్తరాలన్నీ నేను చెబుతుంటే యామిని రాసింది. ‘నీ చేతిరాత ముత్యాల్లా తయారైందే’ అని మీరు మురిసిపోతే సిగ్గులేకుండా ఊరుకున్నాను. పెన్నుకి పాతగుడ్డ చుట్టుకుని బుధవారం మొదలుపెట్టాను, ఇవాళ శనివారం. రేపు కొండయ్య బాబాయి తిరిగి మస్కట్ బయలుదేరుతున్నారు, ఆయన చేతికిస్తాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటారేమో. ఫోను వచ్చినప్పుడల్లా మీ అమ్మగారు ఒక పక్కన, యామిని ఒక పక్కన. వాళ్ల ముందు చెప్పే సంగతి కాదిది.

మీరడిగినవాటికి జవాబులు. వాన నీళ్లు పెరట్లోకి వచ్చాయి గానీ గడప దాటలేదు. అత్తయ్యగారి కంటి ఆపరేషన్ బాగా అయింది, పక్కింట్లో ఏం కూర తరుగుతున్నారో కూడా ఇప్పుడావిడకి కనబడుతోంది. చేతుల వణుకు మాత్రం అలాగే ఉంది. రొయ్యల షెడ్డు పని మానేశావా అన్నారు. నేను మానడమేమిటి, ఐసులో చెయ్యి పెడితే వేళ్లు కొయ్యబారిపోతున్నాయని వాళ్లే రావద్దన్నారు. నెలాఖరుకి వీసా అయిపోతోంది, ఇంకో రెండేళ్లు రాయించుకోనా అని అడిగారు. అది చివర రాస్తాను.

కీళ్లవాతం ఎలా ఉందన్నారు. ఇక మిగతా ఉత్తరమంతా అదే.

కార్తీకమాసంలో అమలాపురం ఆసుపత్రికి వెళ్లినప్పుడు శారోన్ అని ఒక చిన్న డాక్టరమ్మ రోజూ చేసుకునే పనుల మీద ప్రశ్నలున్న కాగితం పట్టుకుని వచ్చింది. జబ్బు ఎంతుందో రక్తం చెబుతుంది గానీ దాని బరువెంతో మోసేవాళ్లే చెప్పాలిట. కష్టం లేకపోతే సున్నా, కొంచెం కష్టమైతే ఒకటి, బాగా కష్టమైతే రెండు, అసలు చేయలేకపోతే మూడు.

“జుట్టు దువ్వుకోవడం ఎలా ఉందండీ?”

“ఏం కష్టం లేదండి.”

“జాకెట్టు హుక్కులు?”

“ఆయ్, ఇబ్బందేం లేదండి.”

“నిండు గ్లాసు నోటిదాకా ఎత్తడం?”

“అదీ లేదండి.”

పక్కన కూర్చున్న అత్తయ్యగారికి భయపడి అబద్ధమాడాననుకోకండి. నాకది అబద్ధమనిపించనే లేదు. రోజూ నా తల దువ్వి ఉంటోంది, హుక్కులు పెట్టి ఉంటున్నాయి, కాఫీ నోట్లోకి వస్తోంది. ఇంకేం కష్టం? పరాయి పిల్ల అంత మర్యాదగా అడుగుతుంటే ఎదురుగా కూర్చుని ఏడుపు మొదలెట్టడం మన ఇళ్లలో ఉందా? ప్రశ్నలన్నీ కలిపినా నాకు రెండు మార్కులే వచ్చాయి. ఆ రోజు వచ్చిన వాళ్లందరిలోకీ తక్కువట. నేనేదో పరీక్ష పాసైనట్టు పొంగిపోయాను. పెద్ద డాక్టరుగారు ఆ కాగితం చూసి పాత మాత్రలే రాసిచ్చారు.

రెండు వారాల కిందట శారోనమ్మ మళ్లీ పిలిపించింది. రక్తం చూస్తే జబ్బు ముదిరిందంటోందట, నా కాగితమేమో హాయిగా ఉన్నానంటోందట. ఈసారి నాతో యామిని వచ్చింది. మళ్లీ అవే ప్రశ్నలు. నేను నోరు తెరిచేలోపే యామిని అందుకుంది.

“జడ నేనే వేస్తానండి.”

“హుక్కులు?”

“నేనే పెడతానండి. గ్లాసూ నేనే పట్టుకుంటానండి. స్నానం చేయించి, చీర కుచ్చిళ్లు పోసి, అన్నం కలిపి పెడతానండి.”

ఏ ఫిర్యాదూ లేదు ఆ గొంతులో. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. శారోనమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. “మరి స్కూలుకెప్పుడు వెళ్తున్నావమ్మా?” అంది. యామిని నా వంక చూసింది.

ఏవండీ, దసరా సెలవులకి ఇంట్లో ఉన్న పిల్ల మళ్లీ బడికి వెళ్లలేదు. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇప్పుడే వచ్చిందండీ’ అని నేను చెప్పినవన్నీ అబద్ధాలే. మాస్టారు రెండుసార్లు ఇంటికొచ్చేరు. “పిల్లకి ఒంట్లో బాగోలేదండి, పరీక్షలు వచ్చే ఏడు రాస్తాది లెండి” అని అత్తయ్యగారు పంపించేశారు. నేను వంటగదిలో ఉండి విన్నాను. ఆవిడ మీదకి నెట్టను. నాకా పిల్ల చేతులు కావాలి, అందుకే నోరు మూసుకున్నాను. కన్నతల్లినై ఉండి దాని పదో తరగతి తినేశాను.

కొత్త కాగితంలో సున్నాలన్నీ పోయి మూళ్లు పడ్డాయి. ఇంజెక్షన్ మొదలుపెట్టారు. గుణం కనబడడానికి నెలలు పడుతుందని, ఇప్పటికే వంగిన వేళ్లు మాత్రం ఇక చక్కబడవని శారోనమ్మ దాచకుండా చెప్పింది.

ఇంటికొచ్చాక రేపట్నించి బడికెళ్లమన్నాను. “ఎనిమిదింటికి బస్సు. నీ పనులయ్యేసరికి తొమ్మిదవుతాది కదమ్మా” అంది. పోయిన సోమవారం పొరుగావిడని తోడు తీసుకుని అంతర్వేది వెళ్లి గుండు చేయించుకున్నాను. మీ పేరున మొక్కని అత్తయ్యగారితో చెప్పాను. మొగుడు ఊళ్లో లేనప్పుడు ఇదేం పనని వీధిలో నొసలు చిట్లించారు. మొక్కూ లేదు, పాడూ లేదు. పొద్దున్నే జడ పని తప్పుతుందని. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాను, నరసింహస్వామికి అక్కడే చెప్పుకుని ఏడ్చాను. మొన్న వీడియో ఫోన్లో నన్ను చూసి ముసుగేమిటని మీరడిగితే జలుబన్నాను చూడండి, అదీ సంగతి.

యామిని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా గుండు నిమిరింది. “ఇరవై నిమిషాలు కలిసొచ్చాయమ్మా. ఇంకా నలభై కావాలి” అంది.

ఆ నలభై నిమిషాలు నేనెక్కడినుంచి తేను? పరీక్షలు మార్చిలో. రెండేళ్లు రాయించుకోకండి, వచ్చేయండి. పెళ్లాం జాకెట్టుకి హుక్కులు పెట్టడం, తినిపించడం మీకు నామోషీ కావచ్చు, మీ అమ్మగారు నొచ్చుకోవచ్చు. అయినా రండి. పెళ్లయిన ఈ పదిహేడేళ్లలో మిమ్మల్ని ఏదీ గట్టిగా అడగలేదు, ఇది అడుగుతున్నాను.

ఉత్తరం అందాక ఫోన్ చేస్తారు కదా. బాగున్నావా అని మాత్రం అడగకండి. పక్కన అందరూ ఉంటారు, అడిగితే బాగున్నానండీ అనేస్తాను. ఎప్పుడొస్తున్నారో ఆ తారీకు చెప్పండి, చాలు.

ఇట్లు,
మీ భార్య
వీరలక్ష్మి