వంతెన దాకా వెళ్ళొచ్చాం

నవంబరు 9, ఆదివారం సాయంత్రం

పూజ్యురాలైన అక్కకు, బావగారికి తమ్ముడు చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని నమ్ముకోవడం తప్ప కనుక్కునే దారి లేదు. రెండు దేశాల మధ్య టపా ఆగిపోయి పంతొమ్మిదేళ్ళయింది కదా. మా చర్చికి వచ్చిన విదేశీ బిషప్పుగారు మీ వైపు వెళ్తున్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను.

రెండు వైపుల చర్చిలూ కలిసి రాసిన విన్నపం మీ దగ్గరా చదివే ఉంటారు. టపా తెరవండి, ఏడాదికి ఒక్కసారైనా అయినవాళ్ళని కలవనివ్వండి అని. మా ప్రతులు అచ్చువేసింది నేనేనక్కా, నాన్న ప్రెస్సులోనే. ‘అయినవాళ్ళు’ అన్న మాట సరిగ్గా పడక మూడుసార్లు అక్షరాలు మార్చాను. ఊళ్ళో రెండువందల పదకొండు మంది సంతకాలు పెట్టారు. గడియారాలు బాగుచేసే తాత వేలిముద్ర వేసి, అవతలున్న మా తమ్ముడు దీన్ని గుర్తుపడతాడా అని అడిగాడు. వేలిముద్రని ఎవరు గుర్తుపడతారు తాతా అని పాస్టరుగారు నవ్వితే, నా మొహం కన్నా అదే నయం, మారలేదు అన్నాడు.

వంతెన మధ్యలో రెండు వైపులవాళ్ళూ కలిసి ప్రార్థన చేసుకోవచ్చని అనుమతి వచ్చింది. ఒకటో తారీకు శనివారం పన్నెండుమందిమి వెళ్ళాం. గేటు దగ్గర నాలుగు గంటలు నిలబెట్టి, కాగితంలో తేదీ తప్పు పడింది పొమ్మన్నారు. తేదీ వేసింది మీరే కదా బాబూ అని పాస్టరుగారు అంటే, వేసిందీ మేమే, తప్పనేదీ మేమే అన్నాడు అక్కడి అధికారి.

అవతలి గట్టున మీవాళ్ళు చీమల్లా కనపడుతూనే ఉన్నారు. ఉండబట్టలేక పాట ఎత్తుకున్నాం. వాళ్ళూ అందుకున్నారేమో తెలీదు, ఆ గాలికి ఒక్క ముక్క వినపడితే ఒట్టు. బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒకావిడ చెయ్యి ఊపింది. నువ్వేననుకుని నేనూ ఊపాను. తర్వాత చూస్తే ఆవిడ నడుం నిటారుగా ఉంది. నీకు అరవై రెండు దాటాయి. నువ్వు కాదేమోలే.

సోమవారం నుంచి సంతకాలు పెట్టినవాళ్ళని ఒక్కొక్కర్నే పిలిపించడం మొదలుపెట్టారు. బుధవారం వెళ్ళిన తాత ఇంకా ఇల్లు చేరలేదు. విన్నపం మంత్రిగారి గుమ్మం కూడా తొక్కలేదట. భయపడి చర్చి పెద్దలే పాస్టరుగారిని వేరే ఊరికి మార్చేశారు. ఇన్నాళ్ళూ తలుపనుకుని గోడని తట్టాం నాయనా అని ఆయన బట్టలు సర్దుకుంటూ అన్నారు. ఇవాళ ఆరాధనకి తొమ్మిదిమందిమి. నాకూ ఆశ లేదక్కా. ఈ జన్మకి ఇంతేననిపిస్తోంది.

బావగారి ఉబ్బసం జాగ్రత్త.

ఇట్లు,
నీ చెయ్యి పట్టుకుని నడక నేర్చినవాడు

తా.క. పైన రాయడానికి చెయ్యి రాలేదు. గురువారం నన్నూ పిలిచారు. అవతల నీకెవరున్నారని అడిగారు. మా అమ్మాయి టీచరు ఉద్యోగం ఖాయమయ్యేది ఈ నెలలోనే. ఎవరూ లేరన్నాను. అక్కచెల్లెళ్ళు కూడా లేరా అని గుచ్చి అడిగారు. మా అమ్మకి నేనొక్కణ్ణే అన్నాను. వెంటనే నమ్మి పంపించేశారు.