వెదురు లారీ వెనక

నాయనా, తమ్ముడు ఈరోజు బస్సు డ్రైవరుగా మొదటి డ్యూటీ ఎక్కాడు. అమ్మా నేనూ భద్రాచలం దాకా అదే బస్సులో వెళ్లాం.

అడవి మొదలవగానే ముందు వెదురు లారీ తగిలింది. అడవిలో ఒంటరిగా పోవడానికి జంకి, ఎంత చెప్పినా వినకుండా, నువ్వు జీపును లారీల వెనకే అంటుకుని నడిపేవాడివి. వాడు మాత్రం చాలా దూరం వదిలాడు.

"గింత దూరమేంది తమ్మీ? జల్దీ పోనియ్యి!" అని వెనక సీటాయన కసిరాడు.

"ఆగాల్సొస్తే జాగ ఉండాలె గద, పెద్దాయనా," అన్నాడు తమ్ముడు.

వెదురు బొంగులు నీ జీపు అద్దంలోంచి దూసుకొచ్చిన ఆ మలుపులోనే, మేకలు అడ్డమొచ్చి లారీ ఆగిపోయింది. కుదుపన్నది లేకుండా మా బస్సూ ఆగింది. మిగిలిన మేకలు లారీకీ బస్సుకీ మధ్యనున్న ఖాళీలోంచి తీరిగ్గా దాటాయి.

అక్కడ ఎప్పుడూ కళ్లు మూసుకునే అమ్మ, ఇవాళ ఆ మేకల్నే చూస్తూ కూర్చుంది.