తప్పేమీ లేకపోయినా

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేము ముగ్గురం క్షేమమే. నాయనమ్మకు దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నాన్న భుజం ఇప్పుడు పైకి లేస్తోంది. నువ్వూ అక్కడ క్షేమమని, ఆసుపత్రి లాండ్రీలో వేడి ఆవిరికి పొక్కిన చేతులు మానాయని తలుస్తాను. ఇది చదివిపెడుతున్న నర్సక్కకు కూడా నమస్కారాలు. అక్కా, గదిలో ఇంకెవరైనా ఉంటే ఇక్కడే ఆపేసి, అమ్మా నువ్వూ ఇద్దరే ఉన్నప్పుడు మిగతాది చదువు. ఇవి ఫోనులో చెప్పే మాటలు కావు. ఫోను నాన్న జేబులో ఉంటుంది, నేను మాట్లాడినంతసేపూ ఆయన పక్కనే నిలబడతాడు.

ముందు నీ కిందటి ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. వంటింటి పైకప్పు కారడం ఆగింది. పాత సోఫాల రెక్సిన్ ముక్కలన్నీ కలిపి కుట్టి నాన్న పైన పరిచాడు. "సోఫా కింద కూర్చుని వండుకునే యోగం ఎవరికుంటుందే" అంటోంది నాయనమ్మ. నా పరీక్షలు బాగానే అయ్యాయి. సాయంత్రాలు జిరాక్స్ షాపులో పని మానలేదు. ఓనరు జీతం పెంచుతానన్నాడు. అన్నాడు, అంతే. చెప్పులు కొనుక్కున్నాను, ఇంక వాటి గురించి అడగకు.

"ఈ నెల డబ్బు పంపొద్దని ఎందుకు రాశావు? ఇంట్లో ఏం జరిగింది? దాచకు" అని రాయించావు. దాచను. కానీ మొదటినుంచీ చెబితేగాని చివరిది చెప్పలేను, ఓపికగా విను.

సోఫాలు కుట్టే పెద్ద మిషను కోసం నాన్న ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకున్నప్పుడు, దానితోపాటు ఒక బీమా కూడా ఇచ్చారు కదా. ఆ కంపెనీ మనిషి, నాయనమ్మ 'నవ్వుల బాబు' అని పేరు పెట్టిన కుర్రాడు, షాపుకొచ్చి చెప్పిన మాట నీకూ గుర్తుండే ఉంటుంది: "గురువుగారూ, బీమా లేకుండా అప్పు పాసవదు. మీకు ఒంట్లో బాగోక పని ఆగిందనుకోండి, వాయిదాలు వాళ్ళే కట్టేస్తారు. మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు." ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తులు కూడా అతనే పెట్టాడు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను.

నాన్న భుజం పట్టేసి షాపు మూతబడ్డాక, కాలు మీద కాలేసుకునే రోజు వచ్చిందనుకుని ఆ కాగితాలు బయటికి తీశాను. మొదటి అక్షరంనుంచి చివరిదాకా చదివాను. అది నెలజీతం మీద పనిచేసేవాళ్ళ బీమా అమ్మా. యజమాని ఉద్యోగంలోంచి తీసేసినా, జబ్బుచేసి జీతం ఆగినా వాయిదాలు కడతారు. సొంత షాపు పెట్టుకున్నవాళ్ళకు చిల్లిగవ్వ రాదు.

నాన్నకు చెబితే నవ్వాడు. "నన్నెవరు తీసేస్తారు తల్లీ? నన్ను నేనే పిలిచి, ఒరేయ్, రేపటినుంచి పనిలోకి రావద్దు అని చెప్పుకోవాలా?"

తర్వాతి పేజీ చదివి వినిపించాక నవ్వలేదు. బీమా సొమ్మంతా మొదటి రోజే అప్పులో కలిపేశారు. దాని మీద కూడా వడ్డీ వేస్తూ వచ్చారు. అంటే నువ్వు అక్కడ ఉతికిన దుప్పట్లలో ఎన్నో, మనకు ఎన్నటికీ పనికిరాని ఒక కాగితం కోసం ఉతికావు. నాన్న మిషను చక్రం మీద చెయ్యి పెట్టాడు. "అది తీసేస్తే అప్పు తీరిపోతుందా?" అని అడిగాడు. దాదాపు తీరుతుందన్నాను. "అయితే మీ అమ్మ వచ్చేస్తుంది" అన్నాడు.

అప్పటినుంచీ ఇంట్లో ఇదే ధ్యాస.

కంపెనీకి ఫిర్యాదు రాశాను. "మీరు చదివి, అర్థం చేసుకుని, అంగీకరించి సంతకం చేశారు" అని జవాబు వచ్చింది. "నాన్నా, నీకు చదువు రాదని రాస్తే పని అయిపోతుంది" అన్నాను. ఆయన అప్పుడప్పుడే మళ్ళీ షాపు తెరిచి పని మొదలుపెట్టాడు, నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసి, "అది తప్ప ఇంకేదైనా రాయి" అన్నాడు.

ఎందుకన్నాడో నీకు వేరే చెప్పాలా? మన వీధంతా ఆయన్ని 'లాయరు' అంటుంది. రోజూ పొద్దున టీ కొట్టు దగ్గర పేపరు పట్టుకుని కూర్చుంటాడు, పక్కవాళ్ళు పైకి చదివేదంతా చెవినేసుకుంటాడు, ఆఖర్న తీర్పు చెబుతాడు. ఆ తీర్పు కోసం జనం ఆగుతారు. ఆ పేపరులో ఆయన చూసేది బొమ్మలేనని మన నలుగురికే తెలుసు.

ఆయన చెప్పినట్టే చదువు మాట ఎత్తకుండా, షాపు మనిషికి జీతగాళ్ళ బీమా అంటగట్టారని రాశాను. విచారణకు రమ్మని కంపెనీ పెద్దాఫీసు నుంచి పిలుపొచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. సగం గోడ అద్దాల గది. తలుపు మూసినా లోపలి మాట బయట బెంచీ మీదివాళ్ళకు వినిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మేడమ్ చెడ్డమనిషేమీ కాదు. మంచినీళ్ళు తెప్పించింది. కాగితం మా వైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టింది.

"చూడండి, ఇంత చక్కటి సంతకం. చదవకుండా పెట్టారంటే ఎవరు నమ్ముతారు? వేలిముద్ర వేసి ఉంటే, మా మనిషి మొత్తం చదివి వినిపించి, సాక్షిని పెట్టుకునేవాడు. అది మా రూలు. సంతకం పెట్టేవాళ్ళకు ఆ రూలు లేదు."

అమ్మా, ఆ సంతకం నేర్పింది నేను. మూడో తరగతిలో ఉండగా, బట్ట మీద గీతలు గీసే సుద్దతో నేను రాసిస్తే, దానిమీదే దిద్ది దిద్ది నేర్చుకున్నాడు. మా నాన్న వేలికి ఇంక సిరా అంటదని వీధంతా చెప్పుకుంటూ తిరిగాను. నేను నేర్పకపోయి ఉంటే, ఆ రోజు ఎవరో ఒకరు ఆ కాగితం ఆయనకు చదివి వినిపించేవాళ్ళు.

నేను తలదించుకుని ఉండగానే నాన్న లేచి నిలబడ్డాడు. "మేడమ్, నాకు చదువు రాదు. అది సంతకం కాదు, బొమ్మ. మా అమ్మాయి గీసిచ్చింది, నేను అలాగే గీస్తాను. ఆ కుర్రాడు గుర్తుపెట్టిన చోటల్లా గీశాను."

గట్టిగానే అన్నాడు. బయట బెంచీ మీద టీ కొట్టాయన బావమరిది కూర్చుని ఉన్నాడని మాకు బయటికి వచ్చాకగాని తెలియలేదు.

మర్నాడు పొద్దున కొట్టు దగ్గర ఎవడో పేపరు తలకిందులుగా మడిచి నాన్న చేతికిచ్చాడట. "ఏం లాయరుగారూ, ఇవాళ్టి తీర్పేమిటి?" నాన్న అది అలాగే పట్టుకున్నాడట. అంతా నవ్వారట. ఈ సంగతి నాన్న చెప్పలేదు, పక్కింటి పిన్ని చెప్పింది, తనూ కాస్త నవ్వుతూనే. ఆ రోజునుంచీ నాన్న ఆ వైపు వెళ్ళడం లేదు. ఇంట్లోనే టీ తాగుతున్నాడు. "ఇన్నేళ్ళూ నా చేతి టీకి నోచుకోలేదు పాపం" అని నాయనమ్మ వేళాకోళమాడింది గాని, గ్లాసు అందిస్తూ ఆయన మొహం చూడలేదు.

తర్వాత కంపెనీ ఉత్తరం జిరాక్స్ షాపు చిరునామాకు వచ్చింది. ఇంటికి తెచ్చి చదివాను. బీమా సొమ్ము, దాని మీద తీసుకున్న వడ్డీ అప్పులో తగ్గించి, అప్పు మొత్తం మూసేస్తారట. నేను గంతు వేయబోయాను. "ముందు పూర్తిగా చదువు" అన్నాడు నాన్న. చదివాను. "మా సంస్థ వైపు తప్పు ఏమీ లేకపోయినా, సద్భావంతో ఈ సర్దుబాటు చేస్తున్నాము. ఇందుకు అంగీకరించి, ఇకపై ఎక్కడా ఫిర్యాదు చేయనని ఖాతాదారుడు సంతకం చేయవలెను."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"తప్పు వాళ్ళది కాకపోతే నాదా?"

"అది ఊరికే రాసుకునే మాట నాన్నా. డబ్బు వెనక్కి ఇస్తున్నారు కదా."

"డబ్బు నాదే కదే, ఇవ్వక ఏం చేస్తారు? నలుగురూ వింటుండగా నాకు చదువు రాదని నా నోటితో చెప్పుకున్నాను. వాళ్ళకు చదువొచ్చు కదా, తప్పు మాదని ఒక్క ముక్క రాయలేరా? నేను పెట్టను. ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు వినే పై అధికారి ఉంటాడుగా, ఆయనకు రాయి."

"ఒరేయ్, పరువు కూడు పెడుతుందట్రా?" అని నాయనమ్మ లేచింది. "కోడలు అక్కడ ఎవరెవరివో దుప్పట్లు పిండుతోంది. సంతకం గీకి పారేసి పెళ్ళాన్ని తెచ్చుకో."

"గీకే కదమ్మా ఇంతదాకా తెచ్చుకున్నాను" అన్నాడు నాన్న.

పై అధికారికి రాస్తే ఏడాది పట్టవచ్చని, అంతవరకూ వాయిదాలు కడుతూనే ఉండాలని నేను కనుక్కున్నాను. గెలుస్తామన్న నమ్మకం కూడా లేదు. ఈలోగా గడువు దాటితే కంపెనీ ఇస్తానన్నదీ పోతుంది. గడువు దగ్గరపడేదాకా నాన్న వెంటపడ్డాను. ఆయన కదల్లేదు.

ఇక్కడ నెమ్మదిగా చదువు నర్సక్కా.

అమ్మా, ఆ సంతకం నేను పెట్టాను. గడువు ఆఖరి రోజు జిరాక్స్ షాపులో, మిషను వెనక నిలబడి పెట్టాను. నేను నేర్పిన సంతకమే కదా, నా చెయ్యి ఒక్కచోట కూడా తడబడలేదు. కంపెనీ కౌంటరులో అమ్మాయి దాన్ని చూసి తల కూడా ఎత్తకుండా ముద్ర కొట్టింది. నాన్న చదవని కాగితం మీద నాన్న సంతకం రెండోసారి పడింది. మొదటిసారి ఆ నవ్వుల బాబు పెట్టించాడు. అతను కనీసం నాన్న చేతే పెట్టించాడు.

అప్పు మూసేశారు. వాయిదాలు కట్టేది నేనే కాబట్టి నాన్నకు తెలియలేదు. అందుకే నిన్ను డబ్బు పంపొద్దన్నాను. నువ్వు లాండ్రీలో చెప్పేసి వచ్చేయవచ్చు. ఈ మాట రాయాలని ఎన్నాళ్ళనుంచో కలలు కన్నాను. తీరా రాస్తుంటే నోరంతా చేదుగా ఉంది.

ఆ రోజు ఇంటికెళ్ళి, పై అధికారికి ఉత్తరం పోస్టు చేశానని నాన్నతో చెప్పాను. ఆయన ఎంత సంతోషపడ్డాడో! ఆ పూట కడుపునిండా తిన్నాడు. తిన్నాక నన్ను షాపులోకి పిలిచి, కటింగు బల్ల మీద నల్ల రెక్సిన్ పరిచి సుద్ద నా చేతికిచ్చాడు.

"జవాబు వచ్చేసరికి నేనే చదవాలి. నేర్పు."

అప్పటినుంచీ రోజూ పని అయ్యాక నేర్చుకుంటున్నాడు. అక్షరాలన్నీ వరసగా నేర్చుకునే ఓపిక లేదు. మొదటి రోజే, "తప్పు అని ఎలా రాస్తారు? అది చూపించు. కాగితంలో ఆ మాట దొరికితే చాలు, మిగతాది మెల్లిగా కూడబలుక్కుంటాను" అన్నాడు. రాసి చూపించాను. రెక్సిన్ నిండా అదే మాట దిద్దాడు. ఇప్పుడు బిస్కెట్ పొట్లం మీదా మందుల చీటీ మీదా కూడా ఆ మాట కోసం వెతుకుతున్నాడు. కిందటి వారం సూదుల పెట్టె మీద ఉన్నదంతా తనే చదివి, నాయనమ్మకు రెండుసార్లు వినిపించాడు. గొంతులో మళ్ళీ ఆ లాయరు తీర్పు చెప్పే ధోరణి వచ్చింది. నేను పక్కన కూర్చుని "బాగా చదివావు నాన్నా" అంటున్నాను. ఇంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు.

ఒక్కోసారి పాఠం ఎగ్గొడదామనిపిస్తుంది. ఆయన నేర్చుకోకపోతే నాకు భయం ఉండదు కదా అనిపిస్తుంది. అమ్మా, చదువుకున్న పిల్లకు రావలసిన ఆలోచనేనా ఇది? మర్నాడు ఇంకో రెండు మాటలు ఎక్కువ నేర్పుతున్నాను.

ముద్ర కొట్టిన ఆ కంపెనీ కాగితం నకలు నా పెట్టెలో ఉంది. ఆయన వెతుకుతున్న మాట అందులో ఉంది, రెండో వరుసలోనే. జవాబు ఇదేనని ఇప్పుడు చేతికిస్తే, ఆ ఒక్క మాట చూసి ఒప్పేసుకున్నారనే అనుకుంటాడు. దాని పక్కనున్న మాటలు చదవడానికి ఆయనకు ఇంకో నెల చాలు.

అలా ఇచ్చి ఊరుకుందామా అని కూడా అనుకున్నాను. ఇవ్వను. నేనే చదివి వినిపిస్తాను, అడుగున ఉన్న సంతకంతో సహా. కానీ నువ్వు వచ్చాకే. తిడతాడనీ కొడతాడనీ కాదు, ఆయన ఏనాడూ నా మీద చెయ్యెత్తలేదు. ఆ కాగితం విన్నాక ఆయన సుద్ద పక్కన పెట్టేస్తాడేమోనని భయం. అప్పుడు నా మాట వినడు. నా తరఫున నువ్వేమీ చెప్పొద్దు అమ్మా, ఆయన పక్కన కూర్చో చాలు.

త్వరగా రా.

ఇట్లు,
నువ్వు చదివించిన
నీ కూతురు